ఎనిమిదో నంబర్లోకి వెనక్కి

మా హాల్వర్ కౌంటీలో ఉన్న ఒక్క సినిమా హాలూ మూతబడి చాలా ఏళ్ళయింది. దానివల్ల మాకు పెద్ద లోటేమీ రాలేదు. వేసవిలో శుక్రవారం సాయంత్రం ఏటి ఒడ్డున ఓక్ బెండ్ పార్కుకి వెళ్ళి, బండి వెనక లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, అదే మన ట్రైలర్, దాని ముందు మడతకుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు. వారాంతం మకాం వెయ్యడానికి ఒక్కొక్క జంటే వచ్చి, దొరికిన ఖాళీలోకి తమ ట్రైలర్ని వెనక్కి పెట్టే ప్రయత్నంలో కాపురాన్ని తెచ్చి నడిరోడ్డున పెడతారు. మొగుడు స్టీరింగు దగ్గర, పెళ్ళాం వెనక. "ఎడమకి" అని ఆవిడ అరుస్తుంది. "ఎవరి ఎడమ?" అని ఆయన అరుస్తాడు. పెళ్ళయిన కొత్తలో మొదలైన తగాదా నుంచి మొన్నటి అత్తగారి పుట్టినరోజు దాకా అన్నీ ఆ కంకర రోడ్డు మీద బయటికొస్తాయి.

మేమెవరమూ అటు చూడం. అలా కళ్ళప్పగించి చూడడం మా కౌంటీలో మర్యాద కాదు. మా కుర్చీలన్నీ ఏటి వైపే ఉంటాయి, కాకపోతే ఒక పిసరు రోడ్డు వైపుకి ఒరిగి ఉంటాయి. మా ఆయన డెల్ చేతిలో వ్యవసాయ పత్రిక పట్టుకుని ఒకే పేజీ గంటసేపు చదువుతాడు. నేను ఒలిచిన బంగాళాదుంపనే మళ్ళీ ఒలుస్తాను. చివరికి ట్రైలర్ ఎలాగో లోపలికి దూరి ఇంజను ఆగాక, అప్పుడే గమనించినట్టు తలెత్తి, "అరే, మీరెప్పుడొచ్చారు?" అని పలకరిస్తాం.

ఆర్డిస్ లిండ్‌వాల్ ఈ తమాషాకి ఎప్పుడూ ప్రేక్షకురాలే గానీ పాత్రధారి కాదు. ఆమె భర్త వెర్లిన్ పాల ట్యాంకరు నడిపినవాడు. చలికాలంలో మోకాలి లోతు మంచులో, పొలాల్లోని ఇరుకు వాకిళ్ళలోకి, ఒక చేత్తో కాఫీ పట్టుకుని ట్యాంకర్ని వెనక్కి తీసుకెళ్ళే మనిషికి ఈ ట్రైలర్ ఒక లెక్కా? రోడ్డు మీంచి ఒక్క తిప్పు తిప్పితే ఎనిమిదో నంబరు స్థలంలో, రెండు ఓక్ చెట్ల మధ్య, గీత గీసినట్టు కూర్చునేది. ఆర్డిస్ బండి కూడా దిగేది కాదు. ఒళ్ళో రూబార్బ్ పై, అంటే పుల్లటి కాడలు కూరి కాల్చిన తీపి రొట్టె, పెట్టుకుని, అది ఒలకకుండా చూసుకుంటూ ముందు సీట్లో కూర్చునేది. మాకు చూడ్డానికేమీ మిగిల్చేవాడు కాడు వెర్లిన్. అందుకని డెల్‌కి అతని మీద కొంచెం కోపం కూడా.

ఆర్డిస్ గురించి చెప్పాలంటే ముందు ఒక సంగతి చెప్పాలి. ఆమెకి కాదనడం రాదు. పాడి పశువులున్న ఇంట్లో అందరికంటే పెద్దపిల్లగా పుట్టింది, తెల్లారకుండానే లేచి పాలు పితికింది, చెల్లెళ్ళకి జడలేసింది, తరవాత మా బడి వంటగదిలో చేరి కౌంటీలోని సగం మంది పిల్లల్ని మేపింది. చర్చివాళ్ళలో ఎవరు పోయినా అంత్యక్రియల భోజనాలకి హామ్ శాండ్‌విచ్‌లు ఆమే. ఎవరింట్లో పురుడొచ్చినా కూర గిన్నె ఆమే. "ఆర్డిస్‌ని అడుగు, కాదనదు" అన్న మాట మా కౌంటీలో రోజుకి ఒకసారైనా ఎవరో ఒకరి నోట్లోంచి వస్తుంది. నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. కానీ నేనూ ఆమెను ఎన్నోసార్లు అడిగినదాన్నే, కాబట్టి నోరు మూసుకుంటాను.

పార్కుకి వచ్చినప్పుడు మాత్రం ఆమె వేరే మనిషి. ట్రైలర్ ముందు కుర్చీ వేసుకుని, చెప్పులు విప్పి, కాళ్ళు గడ్డిలో పెట్టి కూర్చునేది. వంట వెర్లిన్‌ది. నిప్పు రాజేసి, ఇనుప చట్రం మీద పంది మాంసం ముక్కలు కాల్చి, పళ్ళెంలో పెట్టి తెచ్చి ఆమె చేతికిచ్చేవాడు. ఇంటి దగ్గర గ్లాసు కూడా కడగని మనిషి. పార్కు గేటు దాటగానే అతనికి ఏం పూనుతుందో తెలియదుగానీ, ఆదివారం మధ్యాహ్నం దాకా ఆమెను లేవనిచ్చేవాడు కాదు. వాళ్ళ అమ్మాయి జనెల్ ఏట్లో ఈత నేర్చుకున్నది అక్కడే, వెర్లిన్ గెడ్డం మొదట నెరిసినట్టు నేను కనిపెట్టింది అక్కడే, మా డెల్ పడవలోంచి పడ్డదీ అక్కడే.

పోయిన శరదృతువులో వెర్లిన్ చూపు పోయింది. పూర్తిగా కాదు. నడుమ భాగం పోయింది. పక్కలు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది మాత్రం మసక. తలుపు గొళ్ళెం కనిపించదు గానీ గోడ కనిపిస్తుంది. మనిషి నిలబడితే చెవులూ భుజాలూ తెలుస్తాయి, మొహం తెలియదు. ఇక బండి నడపకూడదని డాక్టరు చెప్పాడు. వెర్లిన్ పేచీ పెడతాడనుకున్నాం. తాళాలు తీసి వంటగదిలో మేకుకి తగిలించాడు, ముందు గదిలో వాలుకుర్చీలో కూర్చున్నాడు, రేడియో పెట్టుకున్నాడు. మంచు పడింది, కరిగింది. అతను ఆ కుర్చీలోనే ఉన్నాడు. నేను వెళ్ళి పలకరిస్తే మొక్కజొన్న ధర చెప్పేవాడు, అంతే.

జనెల్ డీమాయిన్ నగరంలో ఉంటుంది. మంచి పిల్ల, తెలివైనది, ఏ విషయమైనా చక్కబెట్టేదాకా నిద్రపోదు. ట్రైలర్ అమ్మేద్దామంది. నడిపేవాళ్ళు లేనప్పుడు అది మీకెందుకంది. వెర్లిన్ పినతండ్రి కొడుకు డార్విన్ చాలాకాలంగా ఆ ట్రైలర్ మీద కన్నేసి ఉన్నాడు, అతనే కొంటానన్నాడు. అందులో తప్పేమీ లేదు. డార్విన్ మంచివాడే. మంచివాళ్ళందరూ కలిసి ఒక మాట మీదకొస్తే అడ్డుకోవడం ఎంత కష్టమో ఆ చలికాలంలో నేను చూశాను.

మార్చిలో ఒకరోజు ఆర్డిస్ మా ఇంటికొచ్చింది. కాఫీ పోశాను. తాగలేదు. కప్పు చుట్టూ రెండు చేతులూ చుట్టి కూర్చుంది.

"మిర్నా, ఆ ట్రైలర్ పోతే ఆయన ఆ కుర్చీలోంచి ఇంక లేవడు," అంది. "పార్కులో ఆయనకి కళ్ళతో పనిలేదు. నీళ్ళ పంపు ఎక్కడుందో, ఏటికి దారెటో, అన్నీ ఆయన కాళ్ళకే తెలుసు. అక్కడైతే మనిషిలా ఉంటాడు. నాకు ఆ మనిషి కావాలి."

ఆమె నోటి వెంట 'నాకు కావాలి' అన్న మాట వినడం నాకు అదే మొదలు. నేను బిస్కెట్ల పళ్ళెం ముందుకి తోశాను.

జనెల్‌తో ఒక ఒప్పందం చేసుకున్నానని చెప్పింది. మే ఆఖర్లో వచ్చే మెమోరియల్ డే సెలవులకి ట్రైలర్ని ఆర్డిసే లాక్కొచ్చి, ఎనిమిదో నంబర్లో తన చేత్తోనే పెడుతుంది. ఇంకెవరూ స్టీరింగు ముట్టుకోకూడదు. పెట్టగలిగితే ట్రైలర్ ఉంటుంది. పెట్టలేకపోతే సోమవారం పొద్దున్నే డార్విన్ దాన్ని తన బండికి తగిలించుకుని పోతాడు. "నీకు రివర్స్ చెయ్యడం వచ్చా?" అని అడిగాను. రాదంది. కాస్తంతైనా రాదంది.

ట్రైలర్ చలికాలమంతా మా షెడ్డులోనే ఉంటుంది కాబట్టి మా పని సులువైంది. డెల్ విత్తనాల పనిమీద వెళ్ళిన రోజుల్లో, ఆర్డిస్ తమ పికప్పు ట్రక్కు వేసుకుని వచ్చేది. ట్రైలర్ తగిలించుకుని ఇద్దరం సంత మైదానానికి వెళ్ళేవాళ్ళం. ఆగస్టులో తప్ప అక్కడ కాకి కూడా వాలదు. బడి వంటగదిలోంచి ఊరగాయల ప్లాస్టిక్ బకెట్లు తెచ్చి, వాటిని చెట్లనుకుని నిలబెట్టాం. మొదటి రోజు ఆ అడవిలో ఒక్క చెట్టూ మిగల్లేదు. రెండోసారి వచ్చినప్పుడు పరిస్థితి ఇంకా ఘోరం, ఎందుకంటే ఈసారి ఆమె వేగంగా వెళ్ళింది.

ట్రైలర్ తగిలిస్తే అన్నీ తిరగబడతాయి. స్టీరింగు కుడికి తిప్పితే దాని తోక ఎడమకి పోతుంది. దాన్ని సర్దబోతే ఇంకా పోతుంది. ఆర్డిస్‌కి తలప్రాణం తోకకొచ్చింది. చివరికి నాకు మా నాన్న చెప్పిన కిటుకు గుర్తొచ్చింది. "చెయ్యి స్టీరింగు అడుగున పెట్టు," అన్నాను. "తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. వేరే ఏమీ ఆలోచించకు." అంతే, దారిలో పడింది. ఏప్రిల్ ఆఖరుకి బకెట్ల మధ్య ట్రైలర్ని నిదానంగా, ముసలి ఆవుని పాకలోకి తోలినట్టు, తీసుకెళ్ళి నిలబెడుతోంది. ఆవుల్ని తోలడం ఆమెకి చిన్నప్పట్నుంచీ అలవాటే కదా.

వెర్లిన్‌కి ఈ సంగతి చెప్పలేదు. పార్కులోనే చూపిద్దామని ఆమె సరదా. ఎక్కడికి వెళ్తున్నావని అడిగినప్పుడల్లా చర్చిలో ఎవరిదో అంత్యక్రియల భోజనం అని చెప్పేది. ఆ వసంతంలో మా కౌంటీలో ఇంతమంది పోతున్నారేమిటని వెర్లిన్ కలవరపడ్డాడట. రోజూ పోయినవాళ్ళ పేర్లు చదివే రేడియోలో ఒక్కరి పేరూ చెప్పడంలేదేమని కూడా అడిగాడట.

మా పార్కులో ముందుగా చోటు రాయించుకునే పద్ధతి లేదు. ముందొచ్చినవాళ్ళదే చోటు. పెద్ద సెలవులకి చోటు కావాలంటే బుధవారమే ట్రైలర్ తెచ్చి పెట్టాలి, లేకపోతే కనీసం ఒక కుర్చీ వేసుకోవాలి. స్థలంలో కుర్చీ ఉందంటే అది మాట ఇచ్చినట్టే. గాలికి ఆ కుర్చీ ఏట్లో పడినా తీసి తుడిచి మళ్ళీ అక్కడే పెడతాంగానీ ఎవరమూ ఆ చోటు తీసుకోం. అందుకని బుధవారం పొద్దున్నే మా ట్రైలర్ తొమ్మిదిలో పెట్టి, ఎనిమిదిలో నా ఆకుపచ్చ కుర్చీ వేశాను. పన్నెండింటికి ఆర్డిస్ రావాలి. ఆ వేళకి మగాళ్ళందరూ పొలాల్లో, పనుల్లో ఉంటారు. ఎవరూ చూడకముందే పెట్టేసుకోవచ్చని మా పథకం.

పన్నెండయింది, రెండయింది, నాలుగయింది. దారిలో ట్రైలర్ టైరు గాలి పోయిందని తరవాత తెలిసింది. దాన్ని బాగుచేయించుకుని ఆమె పార్కు గేటు దాటేసరికి సరిగ్గా సాయంత్రం భోజనాల వేళ. ప్రతి స్థలం ముందూ నిప్పు రాజుకుంది, ప్రతి కుర్చీలోనూ మనిషి ఉన్నాడు. పద్నాలుగో నంబర్లో డార్విన్ కూడా ఉన్నాడు.

లిండ్‌వాల్ వాళ్ళ పికప్పు వంపు తిరిగి వచ్చింది. నడిపే సీట్లో ఆర్డిస్, పక్క సీట్లో వెర్లిన్, అతని ఒళ్ళో రూబార్బ్ పై. డెల్ పత్రిక పైకెత్తాడు. తలకిందులుగా పట్టుకున్నాడని నేను చెప్పలేదు.

మొదలు బాగానే పెట్టింది. రోడ్డు మీద ముందుకి వెళ్ళి ఆగింది, చెయ్యి స్టీరింగు అడుక్కి తెచ్చింది, మెల్లగా వెనక్కి రావడం మొదలుపెట్టింది. ట్రైలర్ తోక చెట్ల వైపు తిరిగింది. నేను నా కుర్చీ ఎత్తుకుని, ఎనిమిదో నంబరు అంచున పక్కకి తప్పుకుని, నిలబడ్డాను. ఇంకొక్క నిమిషం ఆమె మానాన ఆమెను వదిలేసి ఉంటే అయిపోయేది.

కానీ మా వాళ్ళకి ఒక జబ్బుంది. ఒక మనిషి కష్టపడుతుంటే కూర్చుని ఉండలేరు. ముందుగా, పార్కు బాగోగులు చూసే గేలన్ లేచాడు. "కాస్త ఎడమకి, ఆర్డిస్," అన్నాడు చాలా మృదువుగా. అది విని డెల్ లేచాడు, వెనక్కి వెళ్ళి రెండు చేతులతో కుడికి చూపించాడు. ఆరో నంబరాయన ముందుకి పొమ్మన్నాడు. పదకొండో నంబరాయన ఆగమని అరచెయ్యి చూపించాడు. ఇంకెవరో విమానాన్ని దించుతున్నట్టు చేతులు ఊపుతున్నాడు, అతనెవరో నాకు ఇప్పటికీ తెలియదు. తిట్టేవాడు ఒక్కడూ లేడు. అందరూ ఎంతో ప్రేమగా, ఎంతో ఓపికగా, ఎవరి దారి వాళ్ళు చూపిస్తున్నారు.

ఆర్డిస్ కాదనలేకపోయింది. గేలన్ ఎడమ అన్నాడని ఎడమకి తిప్పింది. డెల్ నొచ్చుకుంటాడని కుడికి తిప్పింది. ఆరో నంబరాయన కోసం ఒక అడుగు ముందుకి పోయింది, పదకొండో నంబరాయన కోసం ఆగింది. ఒక్కొక్కరికీ అద్దంలోంచి తలూపి థాంక్స్ కూడా చెబుతోంది. అంతలో పికప్పు మూతి ఒకవైపు, ట్రైలర్ తోక ఒకవైపు, మోచెయ్యి మడిచినట్టు వంకరగా నిలిచిపోయాయి. ట్రైలర్ మూల వెళ్ళి మా బల్లకి కొట్టుకుంది. బంగాళాదుంప సలాడ్ గిన్నె గడ్డిలో పడింది. వెనక దీపం అద్దం పగిలి రాలింది.

ఇంజను ఆగింది. పికప్పు కిటికీలోంచి వెర్లిన్ గొంతు వినిపించింది. కోపం లేదు అందులో. అలాంటి మెత్తటి గొంతు అతనికి ఉందనే నాకు తెలియదు.

"పోనీలే ఆర్డీ. డార్విన్‌ని పిలువు. వాడు పెట్టేస్తాడు."

డార్విన్ అప్పటికే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. పాపం, సాయం చేద్దామనే వచ్చాడు. తలుపు తీసి, "దిగు వదినా, ఒక్క నిమిషం పని," అన్నాడు. ఆర్డిస్ ఒక కాలు కింద పెట్టింది. ఆమె చెయ్యి స్టీరింగు మీంచి జారింది. ఆమె దిగితే అయిపోయినట్టే. ట్రైలర్ పోతుంది, వెర్లిన్ రేడియో దగ్గరికి పోతాడు, ఆమె శాండ్‌విచ్‌ల దగ్గరికి పోతుంది. "దిగొద్దే" అని అరవాలనిపించింది. అరవలేదు. నేనూ ఈ కౌంటీదాన్నే కదా.

ఆమె దిగింది. దిగి, డార్విన్ చేతిలోంచి తలుపు తీసుకుని మూసేసింది.

"వద్దు," అంది.

డార్విన్ ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందా అన్నట్టు వెనక్కి చూశాడు.

"వద్దు డార్విన్. అందరూ వెళ్ళి కూర్చోండి," అంది ఆర్డిస్. మొహం ఎర్రగా కందిపోయింది. "గేలన్, నువ్వు కూడా. డెల్, చేతులు దించు. కుర్చీలు ఏటి వైపు తిప్పుకోండి. పూర్తిగా తిప్పుకోండి, ఎప్పట్లా కాదు."

ఎన్నో ఏళ్ళుగా మేము చూడనట్టు నటిస్తున్నది ఆమెకి తెలుసని అప్పుడు తెలిసింది మా వాళ్ళకి. ఒక్కొక్కరే తలొంచుకుని వెళ్ళారు. కుర్చీల కాళ్ళు కంకరలో కిర్రుమన్నాయి. కాసేపటికి ఓక్ బెండ్ పార్కు మొత్తం ఏటికేసి మొహం పెట్టి, చర్చిలో కూర్చున్నట్టు బుద్ధిగా కూర్చుంది. డెల్ స్టీలు కాఫీ గిన్నెని మోకాళ్ళ మీద పెట్టుకుని దాని మెరుపులో వెనక జరిగేది చూడబోయాడు. నేను వెళ్ళి గిన్నె లాక్కున్నాను. నన్ను మాత్రం ఆర్డిస్ తిరగమనలేదు.

ఆమె పికప్పు అవతలి వైపుకి వెళ్ళి వెర్లిన్ ఒళ్ళోంచి పై పళ్ళెం తీసి నా చేతికిచ్చింది. అతని మోచెయ్యి పట్టుకుని దించింది. ఎనిమిదో నంబరు చివర, కంకర అయిపోయి గడ్డి మొదలయ్యేచోట ఎడమ మూలన ఒక కొయ్య గుంజ ఉంది. అక్కడికి నడిపించింది. నిజానికి నడిపించక్కర్లేకపోయింది. కంకర మీద కాలు పడగానే వెర్లిన్ ఆమెకంటే ముందు నడిచాడు. గుంజ మీద చెయ్యి వేసి ఆగాడు.

"ఇక్కడ నిలబడు," అంది ఆర్డిస్. "చేతులు ఊపకు. ఏమీ చెప్పకు."

"నేను నిలబడి ఏం లాభం?" అన్నాడు వెర్లిన్. "నువ్వు ఎటు వస్తున్నావో నాకు కనబడదు కదా."

"నువ్వు నన్ను చూడక్కర్లేదు. నాకు నువ్వు కనిపిస్తే చాలు. నీ భుజం పక్కకి వచ్చి ఆగుతాను."

వెర్లిన్ టోపీ సరిచేసుకున్నాడు, అది వేటకి వేసుకునే నారింజ రంగు టోపీ. చేతులు రెండూ పక్కలకి వేలాడేసి, ఫోటోకి నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డాడు.

ఆర్డిస్ పికప్పు ఎక్కింది. ముందుకి లాగి, రోడ్డు మీదకి తీసుకెళ్ళి, బండీ ట్రైలరూ ఒక్క వరసలోకి వచ్చేదాకా పోయింది. ఆగింది. పక్క అద్దం కొంచెం సవరించుకుంది. తరవాత వెనక్కి రావడం మొదలుపెట్టింది.

దగ్గరుండి చూస్తే ట్రైలర్ అంటే ఒక చిన్న ఇల్లు. ఆ ఇల్లు కంకరని నలుపుకుంటూ, మూలుగుతూ, చూపులేని మనిషి మీదకి వస్తోంది. వెర్లిన్‌కి అది ఎదురుగా ఒక పెద్ద మసక. చప్పుడు మాత్రం అడుగడుగుకీ పెరుగుతోంది. తోక చెట్ల మధ్యకి తిరిగింది. ఎడమ ఓక్ చెట్టు దాటింది. తిన్నగా అతని మీదకే వస్తున్నట్టుంది. జరగమని నేనే కేక వేసేదాన్ని. వెయ్యకుండా పై పళ్ళేన్ని రెండు చేతులా బిగించి పట్టుకున్నాను, బొటనవేలు రూబార్బ్‌లో దిగబడింది.

వెర్లిన్ కదల్లేదు. ఒక్కసారి మాత్రం అతని పెదవులు బిగుసుకోవడం చూశాను. ఆర్డిస్ అద్దంలోంచి కళ్ళు తిప్పలేదు. చెయ్యి స్టీరింగు అడుగున ఇటు కొంచెం, అటు కొంచెం. ట్రైలర్ మూల వచ్చి అతని చొక్కా గుండీకి జానెడు దూరంలో పక్కగా సాగి, భుజం దగ్గర ఆగింది. బ్రేకు వేసిన చప్పుడు, తరవాత ఇంజను ఆగిన చప్పుడు.

"అయిందా వదినా? తిరగొచ్చా?" అని ఏటి వైపు నుంచి డార్విన్ అడిగాడు.

తిరగమంది. అందరూ తిరిగారు. ట్రైలర్ రెండు ఓక్ చెట్ల మధ్య ఉంది. వెర్లిన్ పెట్టినట్టు గీత గీసినట్టు కాదు, కాస్త వంకరగానే ఉంది, కానీ ఉంది. డార్విన్ దాని చుట్టూ ఒకసారి నడిచాడు. పగిలిన దీపం ముక్కలు ఏరి జేబులో వేసుకున్నాడు, పిల్లల కాళ్ళకి గుచ్చుకోకుండా. "సోమవారం నాకు ఇక్కడ పనేం లేదన్నమాట," అన్నాడు. "కొత్త అద్దం తెచ్చి బిగించి పోతాను." అందులో కాస్త నిరాశ కూడా ఉంది, కాదనను. మా డెల్ తల గోక్కుని, సలాడ్ గిన్నె ఎత్తడానికి వెళ్ళాడు.

ఆర్డిస్ దిగి పరుగులాంటి నడకతో వెనక్కి వచ్చింది. వెర్లిన్ ఇంకా గుంజ పక్కనే, పెట్టిన చోటే, చేతులు వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు. దగ్గరికొచ్చాక ఆమె అతని చొక్కా పట్టుకుంది.

"అంత దగ్గరికి వస్తే భయం వెయ్యలేదా నీకు?" అని అడిగింది.

"వేసింది," అన్నాడు వెర్లిన్. "కదిలితే నీకు కనబడనేమోనని కదల్లేదు."